పాత లారీకి థర్మోస్టాట్: తీసెయ్యాలా, కొనాలా, కొంటే ఏది?

మిర్యాలగూడలో గానీ, సూర్యాపేటలో గానీ, జడ్చర్ల హైవే పక్కన గానీ, ఏ షెడ్డుకు పోయి "బండి హీటెక్కుతుంది" అన్నా మొదట వచ్చే మాట ఒకటే. "థర్మోస్టాట్ తీసి పారేద్దామన్నా, మన ఎండలకు అదెందుకు?" థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడయ్యేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వు. తీసేస్తే ఆ పూటకు గేజీ సూది కిందికి దిగుతుంది కూడా. అందుకే ఆ సలహాకు అంత గిరాకీ.

మేమూ విన్నాం. మా ఆరు టైర్ల టాటా రెండేళ్ళు థర్మోస్టాట్ లేకుండానే తిరిగింది. తర్వాత ఒకటి పెట్టించాం, అది తప్పు సరుకు. దాన్ని పీకి ఇంకొకటి పెట్టించాం, ఇది కుదిరింది. ఈ తిరుగుడులో పోయిన డబ్బుకు కొంత తెలివి మిగిలింది. కొనబోయేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

నేను చెప్పేది పాత పద్ధతి బండ్ల సంగతి. డీజిల్ పంపు, నాజిళ్ళతో నడిచే టాటా 407, 909, 1613, లేలాండ్ కామెట్, ఆ తరం ఐషర్ లాంటివి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (కొత్త పొగ నియమాల) బండ్లలో ఇంజన్ వేడి మీద కంప్యూటర్ కన్నుంటుంది. వాటికి కంపెనీ చెప్పిన పార్టు తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

ముందు తప్పు దానిదేనా చూడండి

షాపుకు పోయే ముందు ఒక్క పావుగంట పెట్టండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, ఇంజన్ నుంచి రేడియేటర్ పై భాగానికి పోయే లావు హోస్ పైపు మీద చెయ్యి వెయ్యండి. ఫ్యానూ బెల్టూ జాగ్రత్త, తువ్వాల మెడలో వేలాడుతుంటే తీసి పక్కన పెట్టండి. మొదటి కొన్ని నిమిషాలు ఆ పైపు చల్లగానే ఉండాలి. ఇంజన్ వేడయ్యాక ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు వాల్వు తెరుచుకున్నట్టు. అలా కాకుండా స్టార్ట్ చేసిన కాసేపటికే పైపు మెల్లమెల్లగా వెచ్చబడుతూ పోతుంటే, వాల్వు తెరుచుకునే ఇరుక్కుపోయింది, లేదా లోపల అసలు లేనే లేదు. సూది ఎర్ర గీత దగ్గరికి పోయినా పైపు ఇంకా చల్లగానే ఉందా, అది మూసుకుని బిగుసుకుపోయింది. వెంటనే ఇంజన్ ఆపండి.

పై పైపు కాలుతోంది, అయినా హీట్ తగ్గట్లేదు అంటే థర్మోస్టాట్‌ను తిట్టే ముందు రేడియేటర్ ముందుకు పోయి నిలబడండి. మా మిర్యాలగూడ రైస్ మిల్లుల మధ్య తిరిగే బండ్లకు ఊక దుమ్ము ఒక శాపం. ఇంజన్ నుంచి ఎగిరే నూనె తడికి ఆ దుమ్ము అంటుకుని రేడియేటర్ రెక్కల మధ్య గోనెపట్టాలా కూర్చుంటుంది. వాడపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు లోడుకు పోయే బండ్లకు సిమెంటు దుమ్ము ఇదే పని చేస్తుంది. ఫ్యాను వైపు నుంచి బయటికి గాలి గానీ నీళ్ళు గానీ కొట్టిస్తే అరబకెట్టు చెత్త రాలుతుంది. దాంతోనే హీటింగ్ పోయిన బండ్లను చూశాను. ఫ్యాను బెల్టు వదులు, పాడైన రేడియేటర్ క్యాప్, అరిగిన వాటర్ పంపు రెక్కలు కూడా ఇదే జబ్బు చూపిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి స్టార్ట్ చేస్తే నీళ్ళలో ఆగకుండా బుడగలు లేస్తున్నాయా, అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పని. దానికి ఏ థర్మోస్టాటూ మందు కాదు.

ఇంకో సంగతి, సూదిని గుడ్డిగా నమ్మొద్దు. సెన్సర్ నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే అది నిజం చెబుతుంది. పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలి, సూది చల్లగా కూర్చుంటుంది. ఇంజన్ మాత్రం లోపల మాడుతుంటుంది.

తీసేసి తిప్పడం ఎందుకు బేరం కాదు

థర్మోస్టాట్ అంటే అరచేతిలో పట్టే వస్తువు. మధ్యలో చిన్న ఇత్తడి గిన్నె, దాంట్లో మైనం. వేడికి మైనం కరిగి ఉబ్బుతుంది, ఒక సన్నటి కడ్డీని నెడుతుంది, వాల్వు తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు వాల్వును మళ్ళీ మూస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. అంత సాదా వస్తువు కాబట్టే దానికి విలువ ఇవ్వం.

అది లేకపోతే ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. డీజిల్ ఇంజన్‌కు ఒక వేడి కావాలి, ఆ వేడిలోనే డీజిల్ సరిగ్గా మండుతుంది. డిసెంబర్ పొద్దున నార్కట్‌పల్లి దగ్గర మంచులో స్టార్ట్ చేసిన బండి చాలాసేపు తెల్ల పొగ వదులుతుంటే అది మండని డీజిలే. అందులో కొంత, పిస్టన్ కదిలే లైనర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, రింగులూ లైనర్లూ తొందరగా అరుగుతాయి. చల్లటి లైనర్ మీద ఆవిరి తేమ పట్టి, డీజిల్‌లోని గంధకంతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది కూడా. ఈ ఒక్క విషయంలో ఇప్పటి డీజిల్ నయం. బీఎస్-3 కాలంలో పది లక్షల పాళ్ళలో 350 పాళ్ళ దాకా గంధకం ఉండేది, బీఎస్-4లో 50కి తగ్గింది, ఇప్పుడు బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌లో 10కి మించకూడదు. ఆమ్లం సంగతి తగ్గింది గానీ, ఆయిల్లో డీజిల్ కలవడం మాత్రం తగ్గలేదు. ఇంజన్ చల్లగా నడిచినంతకాలం అది జరుగుతూనే ఉంటుంది.

ఇదంతా మెల్లగా జరిగే నష్టం కాబట్టి ఓనర్లకు పట్టదు. కానీ ఇంకో నష్టముంది, అది ఘాట్ రోడ్డు మీద అప్పటికప్పుడు తెలుస్తుంది.

చాలా లారీ ఇంజన్ల థర్మోస్టాట్‌కు రెండు పళ్ళేలుంటాయి. పైది పెద్దది, రేడియేటర్ దారి మీద కూర్చుంటుంది. కింద స్ప్రింగుతో ఇంకో చిన్న పళ్ళెం వేలాడుతుంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలో మళ్ళీ పంపుకే తిరుగుతాయి. వేడయ్యాక పై పళ్ళెం రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే కదలికలో కింది పళ్ళెం బైపాస్ దారిని మూస్తుంది. ఇప్పుడు థర్మోస్టాట్ పీకేయండి. రేడియేటర్ దారి తెరిచే ఉంటుంది, బైపాస్ దారి కూడా తెరిచే ఉంటుంది. నీళ్ళకు ఏది సులువైతే అటే పోతాయి. కొంత వేడి నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. మైదానంలో తేలిక లోడుతో ఇది తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. చల్లగా ఉంచుతుందని తీసేసిన వస్తువు లేకపోవడమే బండిని కాలుస్తుంది.

మాకు జరిగింది అచ్చం అదే. రెండేళ్ళు నల్లగొండ, హాలియా, కోదాడ తిరిగినంతసేపు సూది సగానికి కూడా రాలేదు. శ్రీశైలం వైపు లోడు పడితే మాత్రం మన్ననూరు ఘాట్‌లో సూది ఎర్రగీతకు పోయేది. రేడియేటర్‌దే తప్పని కోర్ మార్పించాం. తేడా లేదు. చివరికి ఒక మెకానిక్ "థర్మోస్టాట్ ఏదన్నా?" అని అడిగితే సిగ్గుపడుతూ చెప్పాం. ఆయన చెప్పగానే ఒక షాపులో కొత్తది తెచ్చి పెట్టించాం.

మేలో అమ్రాబాద్‌కు బియ్యం లోడు. దేవరకొండ, డిండి మీదుగా పోయి, హాజీపూర్ దాటి మన్ననూరు ఘాట్ ఎక్కుతుంటే మళ్ళీ అదే కథ. సూది పైకి, క్యాబిన్‌లోకి ఉడుకు వాసన. కోతులు మమ్మల్ని చుట్టుముట్టాయి, మేము బండిని చుట్టుముట్టాం. గంట ఆగి, క్యాన్లో నీళ్ళు పోసి, ఫర్లాంగు ఫర్లాంగుకు ఆపుకుంటూ ఎక్కించాం. రాత్రి అడవి గేటు మూస్తారన్న టెన్షన్ వేరే.

తిరిగొచ్చాక హౌసింగ్ (థర్మోస్టాట్ కూర్చునే గూడు) విప్పితే కొత్త థర్మోస్టాట్ శుభ్రంగానే ఉంది. మా పాత మెకానిక్ షెడ్డులో తుప్పు పట్టిన నట్ల డబ్బా అడుగున, రెండేళ్ళ కింద పీకిన ఒరిజినల్ పీసు దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పై అంచు కొలత ఒకటే, మీద కొట్టిన డిగ్రీల నంబరు ఒకటే, రెండూ 82. పాతదానికి కింద చిన్న పళ్ళెం ఉంది. కొత్తదానికి ఆ చోట ఏమీ లేదు, గిన్నె మొండిగా ఆగిపోయింది. షాపతను అంచు కొలత చూసి ఇచ్చాడు, మేము నంబరు చూసి తీసుకున్నాం. కింద ఏముందో ఎవరం చూడలేదు. బైపాస్ ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది.

కాబట్టి పాత పీసు చేతిలో లేకుండా షాపుకు పోవద్దు. పై అంచు వెడల్పు, అంచు మందం, మొత్తం ఎత్తు, కింది పళ్ళెం వెడల్పు, ఈ నాలుగూ కలవాలి. కింది పళ్ళెం ఉన్నా ఎత్తు తక్కువైతే అది బైపాస్ రంధ్రాన్ని అందుకోదు, లేనట్టే లెక్క. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) ఉంటే మంచిది, లేకపోతే రెంటినీ అద్దం బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి, పైన స్కేలు అడ్డంగా పెడితే ఎత్తు తేడా కంటికే కనబడుతుంది. పాతది లేకపోతే ఇంజన్ నంబరు రాసుకుని పోండి. బండి మోడల్ ఒక్కటే చెబితే సరిపోదు, ఒకే పేరుతో వచ్చిన లారీల్లో రెండు మూడు రకాల ఇంజన్లున్నాయి.

ఎవరి డబ్బా కొనాలి

షాపు కౌంటర్ మీద మూడు రకాల సరుకు కనబడుతుంది.

మొదటిది కంపెనీ డబ్బా. టాటా జెన్యూన్ పార్ట్స్, లేలాండ్ వాళ్ళ లేపార్ట్స్ లాంటివి. పార్టు నంబరు చెబితే సరిగ్గా అదే వస్తుంది, పళ్ళెం ఎత్తు దగ్గర మోసపోయే భయం లేదు. ధర మూడింటిలోకి ఎక్కువ. బాగా పాత మోడళ్ళకైతే డీలర్ దగ్గర స్టాకు ఉండదు, ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. నిలబడ్డ లారీకి రోజు కిరాయి పోతుంది కాబట్టి ఈ ఎదురుచూపు కూడా ఖర్చులో కలపండి.

రెండోది తయారీదారు సొంత డబ్బా. లారీ కంపెనీలు థర్మోస్టాట్లు సాధారణంగా తామే తయారు చేసుకోవు, అదే పనిగా చేసే కంపెనీల దగ్గర కొంటాయి. మన దేశంలో చెన్నై వెస్టర్న్ థామ్సన్ ఈ పనిలో పాత పేరు. జర్మనీ వైపు నుంచి వాలర్, మాలే ఉన్నాయి. పాత పెట్టెల మీద బెహర్ అని కనబడితే కంగారు పడకండి, బెహర్ తర్వాత మాలేలో కలిసింది. ఇలాంటి కంపెనీ పీసు మీ ఇంజన్‌కు సరిపడే నంబరుతో దొరికితే కంపెనీ డబ్బాతో నాణ్యతలో తేడా ఉండదనే నా అనుభవం, ధరలో మాత్రం ఉంటుంది. ఇప్పుడు మా బండిలో ఉన్నది ఈ రకమే. పాత లారీకి నా ఓటు దీనికే.

మూడోది పేరులేని సరుకు, లేదా పేరున్న డబ్బాలో పేరులేని సరుకు. "ఇది కూడా కంపెనీ సరుకే అన్నా, డబ్బా మారింది అంతే" అంటారు. దీన్ని పట్టుకోవడానికి ముందు డబ్బా చదవండి. చట్టం ప్రకారం ప్యాక్ చేసిన వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, తయారైన నెలా సంవత్సరం ఉండాలి. ఇవి లేని డబ్బాను అక్కడే పెట్టేయండి. తర్వాత పీసును చేతిలోకి తీసుకుని ట్యూబులైటు వైపు ఎత్తి చూడండి. వాల్వు చుట్టూ వెలుగు గీత కనబడకూడదు. చిన్న గాలి రంధ్రం దగ్గర తప్ప ఇంకెక్కడా వెలుగు రాకూడదు. బొటనవేలితో చట్రాన్ని నొక్కితే వంగకూడదు. రేకు అంచులు చేతికి గీసుకుంటుంటే, డిగ్రీల నంబరు లోహంలోకి కొట్టకుండా పైపైన ముద్రేసినట్టుంటే, వాల్వు మధ్యకు కాకుండా ఓ పక్కకు వాలి ఉంటే అది బండికి పనికిరాదు.

జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వనన్న చోట రేపు వాపసు కూడా తీసుకోరు. పార్టు మన ఊళ్ళో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ వెతకొచ్చు. అటు లోడు పోయే బండి డ్రైవర్‌కు పాత పీసు ఇచ్చి పంపితే సరి. పీసే పంపండి. ఫోన్లో ఫోటో పంపితే కింది పళ్ళెం కనబడదు.

స్క్రాపు యార్డులో విప్పిన పాత థర్మోస్టాట్ చవకగా వస్తుంది. వద్దు. మైనం ఎన్నేళ్ళు వేడెక్కి చల్లబడిందో పైనుంచి చూస్తే తెలియదు, మిగిలేది కూడా వందల్లోనే. అది ఇరుక్కుంటే హెడ్ పని వేలల్లోకి పోతుంది.

71, 82, 88: ఏ నంబరు?

పీసు మీద ఉండే నంబరు వాల్వు తెరుచుకోవడం మొదలుపెట్టే వేడి, సెంటీగ్రేడ్‌లో. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు పడుతుంది. అంటే 82 పీసు పూర్తిగా తెరుచుకునేది 95 అటూ ఇటూ.

ఇక్కడే ఒక తప్పుడు లెక్క నడుస్తోంది. "మనకు 45 డిగ్రీల ఎండ, కాబట్టి 71 వేస్తే బండి చల్లగా ఉంటుంది" అని. నేనూ నమ్మాను. కానీ ఆలోచించి చూడండి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్ళ వేడి వంద దాటుతోందంటే 71 పీసయినా, 82 పీసయినా ఎప్పుడో పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. ఆ తర్వాత దాని చేతిలో ఏమీ లేదు. వేడిని రేడియేటర్ ఎంత వదిలించగలదు, ఫ్యాను ఎంత గాలి లాగుతుంది, పంపు ఎన్ని నీళ్ళు తిప్పుతుంది అన్నదే లెక్క. చిన్న నంబరు వేస్తే సూది ఎర్రగీతకు చేరడం కొన్ని నిమిషాలు ఆలస్యమవుతుంది తప్ప, చేరడం మాత్రం ఆగదు. బదులుగా మామూలు రోడ్డు మీద ఇంజన్ రోజంతా చల్లగా నడిచి, పైన చెప్పిన ఆయిల్ కష్టాలన్నీ వస్తాయి.

పెద్ద నంబరు వేయడం కూడా తెలివి కాదు. 82 ఉండాల్సిన చోట 88 వేస్తే, మరిగే వేడికీ నడిచే వేడికీ మధ్య ఉన్న ఖాళీ తగ్గుతుంది. ఆ ఖాళీని కాపాడేది రేడియేటర్ క్యాప్. క్యాప్ లోపల ఒత్తిడి నిలబెడితే నీళ్ళు వంద దగ్గర మరగవు. 7 పౌండ్ల ఒత్తిడి పట్టే క్యాప్ ఉంటే దాదాపు 111 డిగ్రీల దాకా, 13 పౌండ్లది ఉంటే దాదాపు 119 దాకా ఆగుతాయి. క్యాప్ రబ్బరు ఎండిపోయి ఒత్తిడి వదిలేస్తుంటే ఆ మరగని గీత తిరిగి వందకే వచ్చేస్తుంది. అందుకే థర్మోస్టాట్ మార్చే రోజే, అదే ఒత్తిడి అంకె ఉన్న కొత్త క్యాప్ కూడా వేయించండి. ఎక్కువ పౌండ్ల క్యాప్ వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, పాత రేడియేటర్ అతుకులు ఆ ఒత్తిడికి ఓర్చుకోవు.

కంపెనీ ఏ నంబరు పెట్టిందో అదే వేయండి. మా వైపు ఎండకు దాన్ని మార్చాల్సిన పని లేదు. కొన్ని పెద్ద ఇంజన్లలో ఒకే హౌసింగ్‌లో రెండు థర్మోస్టాట్లుంటాయి. అప్పుడు రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే నంబరువి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే భారమంతా ఒకదాని మీదే పడుతుంది.

ఎక్కువ వేడి తగిలితే తెరుచుకునే స్థితిలో లాక్ అయిపోయే రకం కూడా అమ్ముతున్నారు. ఒకసారి లాక్ అయితే తీసి మార్చాల్సిందే. ఘాట్‌లో బండిని కాపాడుతుంది, నిజమే. కానీ పాత బండి ఏదో కారణానికి ఏడాదికి ఒకసారైనా హీటెక్కుతుంది, ప్రతిసారీ కొత్తది కొనాలి. మన అవసరానికి మామూలు రకం చాలు.

బిగించే ముందు గిన్నెలో ఉడకబెట్టండి

ఏ డబ్బా కొన్నా, ఎంత పెట్టి కొన్నా ఈ పరీక్ష లేకుండా బిగించొద్దు. మా షెడ్డు పక్క చాయ్ హోటల్ అతను ఒక పాత గిన్నె మా కోసమే పక్కన పెట్టాడు, అంతగా అలవాటైపోయింది.

కుట్టు దారం తీసుకోండి. స్క్రూడ్రైవర్‌తో వాల్వును కొంచెం ఎత్తి, సందులో దారం పెట్టి వదలండి. స్ప్రింగు దారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ దారంతో పీసును నీళ్ళలో వేలాడదీయండి, గిన్నె అడుగుకు తగలకూడదు, అడుగు వేడి నీళ్ళ వేడి కంటే ఎక్కువ. వంద దాటి చూపే థర్మామీటర్ ఒకటి పక్కన వేలాడదీయండి. ఇంట్లో జ్వరం చూసేది తేవొద్దు, 42 దాటగానే పగులుతుంది. మంట చిన్నగా పెట్టి, నీళ్ళను కలుపుతూ ఉండండి. వాల్వు తెరుచుకోవడం మొదలైన క్షణంలో దారం పట్టు జారి పీసు గిన్నెలోకి టక్కున పడుతుంది. ఆ చప్పుడు వినబడగానే థర్మామీటర్ చదవండి. మీద కొట్టిన నంబరుకు రెండు, మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే మంచి పీసు.

పడ్డాక ఆపొద్దు. నీళ్ళు మరిగేదాకా ఉంచి, వాల్వు ఎంత తెరుచుకుందో చూడండి. మామూలు పెన్సిల్ ఆ సందులో పడితే చాలు, అంటే ఏడెనిమిది మిల్లీమీటర్లు. 88 పీసుకు ఇది కొంచెం తక్కువ రావచ్చు, దాని పూర్తి వేడి గిన్నెలో దొరకదు. మహబూబ్‌నగర్ లాంటి ఎత్తు ఊళ్ళలో నీళ్ళు వందకు ఒకటి రెండు డిగ్రీలు ముందే మరుగుతాయి, అది కూడా లెక్కలో పెట్టుకోండి. తర్వాత బయటికి తీసి బల్ల మీద పెడితే చల్లబడుతూ పూర్తిగా మూసుకోవాలి. గోరు పట్టేంత సందు మిగిలినా వద్దు.

ఇప్పుడు బండిలో ఉన్న పీసు కొన్న రోజు, సరదాకు షాపతను ఇచ్చిన పేరులేని పీసును కూడా అదే గిన్నెలో వేశాం. మంచిది 82 ముద్రకు ఎనభై ఒకటి దగ్గర టక్కుమంది. రెండోది తొంభై దాటినా దారాన్ని వదల్లేదు. నీళ్ళు గలగలా మరిగాక తెరుచుకుంది, సందులో అగ్గిపుల్ల పట్టేంత. చాయ్ అతను చూసి "ఇది మీ లారీ కన్నా మొండిదన్నా" అన్నాడు.

నీళ్ళు

మన దగ్గర ఎంత మంచి థర్మోస్టాట్ కొన్నా దాన్ని చంపేది బోరు నీళ్ళు. నల్లగొండ నీళ్ళనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది మనుషుల ఎముకలకు శత్రువు, రేడియేటర్‌కు కాదు. రేడియేటర్‌లో తెల్లటి గార కట్టించేది అదే నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఆ గార వాల్వు అంచుల మీద పేరుకుంటే వాల్వు సగంలో ఆగిపోతుంది, గిన్నె మీద పేరుకుంటే వేడి మైనానికి ఆలస్యంగా అందుతుంది. మా పాత పీసు మీద గార గోరుతో గీకితే పెచ్చులుగా లేచింది.

కూలెంట్ డబ్బా మీద చెప్పిన పాళ్ళలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడం ఉత్తమం. కూలెంట్ తుప్పునూ ఆపుతుంది, మరిగే గీతనూ కొంచెం పైకి జరుపుతుంది. రెండు రంగుల కూలెంట్ కలపొద్దు. దారిలో ఎక్కడో నీళ్ళు పోయాల్సి వస్తే బోరు నీళ్ళ కంటే కృష్ణా నీళ్ళో, ఇంటి నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్ళో నయం. గార బాగా పట్టిన బండికి కొత్త థర్మోస్టాట్ పెట్టే ముందే రేడియేటర్, బ్లాకు కడిగించండి. లేకపోతే ఊడిన పెచ్చులన్నీ కొత్త వాల్వులోకే వచ్చి చేరతాయి.

బిగించేటప్పుడు

ఇంజన్ పూర్తిగా చల్లారాకే క్యాప్ తీయండి. వేడి మీద తీస్తే నీళ్ళు మొహం మీదికి ఎగదన్నుతాయి, కాలిన చేతులు చాలానే చూశాను.

పీసును తిరగేసి పెట్టడం చిన్న పిల్లాడి తప్పులా అనిపిస్తుంది గానీ జరుగుతుంది. మైనం గిన్నె, స్ప్రింగు ఇంజన్ వైపు ఉండాలి. అంచు మీద చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటే అది పైకి రావాలి, గాలి అటునుంచే తప్పించుకుంటుంది. ఆ రంధ్రం చాలదని డ్రిల్లుతో ఇంకో రంధ్రం వేసే వాళ్ళున్నారు, వేయనివ్వొద్దు. ఆ రంధ్రంలోంచి నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్‌కు కారుతూ ఇంజన్ వేడెక్కడాన్ని ఆలస్యం చేస్తాయి. గ్యాస్కెట్, రబ్బరు రింగు కొత్తవే వేయండి. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు రంధ్రంలో గుడ్డ కుక్కుకోండి, లోపల పడ్డ ముక్క వాల్వుకిందికే పోతుంది. సీలెంటు పులిమేయడం మంచి పని కాదు, లోపలికి పొంగిన గోరంత ముద్ద వాల్వును తెరిచే ఉంచేస్తుంది. బోల్టులు ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించండి, అల్యూమినియం హౌసింగ్ అయితే ఒక్క బోల్టును లాగి బిగిస్తే చెవి విరుగుతుంది.

నీళ్ళు మెల్లగా పోయండి. ఇంజన్ మీద గాలి తీసే బోల్టు ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి నీళ్ళు వచ్చేదాకా పోసి బిగించండి. క్యాప్ తీసే ఉంచి స్టార్ట్ చేసి, పై హోస్ పైపు మీద చెయ్యి వేసి నిలబడండి. చల్లగా ఉంటుంది, చాలాసేపు చల్లగానే ఉంటుంది, ఏదో తప్పు జరిగిందేమో అనిపించేంతసేపు. తర్వాత ఒక్కసారిగా చెయ్యి తీసేసేంత కాలుతుంది, రేడియేటర్‌లో నీళ్ళ మట్టం కొంచెం దిగుతుంది. దిగినంత నింపి క్యాప్ పెట్టండి. మర్నాడు పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మళ్ళీ ఒకసారి మట్టం చూసి, తగ్గి ఉంటే నింపి లోడుకు పంపండి.